నంది హిల్స్ వైనరీలు: చిత్తూరు, తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళు ఏవి చూడాలి, ఎలా ఎంచుకోవాలి

చిత్తూరు నుంచి పలమనేరు, ములబాగల్, కోలారు మీదుగా వెళ్తే నాలుగు గంటల్లో నంది హిల్స్ కింద ద్రాక్షతోటల మధ్య ఉంటారు. తిరుపతి నుంచి అయితే ఇంకో గంటన్నర కలుపుకోండి. దేశంలో మంచి వైన్ తయారయ్యే ప్రాంతాల్లో ఒకటి మనకు ఇంత దగ్గరలో ఉందని మన వైపు చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఫోన్‌లో వెతికి, పైన కనిపించిన పేరు పట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం అక్కడ దిగుతారు. ఆ రోజు బెంగళూరు సగం అక్కడే ఉంటుంది. ట్యాంకుల ముందు నాలుగు ఫోటోలు, తొందర తొందరగా నాలుగు గుక్కలు, మళ్ళీ నాలుగు గంటల ప్రయాణం. ఇంతే అయితే అంత దూరం వెళ్ళక్కర్లేదు.

పేరును బట్టి కాకుండా మీకేం కావాలో చూసుకుని ఎంచుకోండి. తక్కువ చూడండి, నిదానంగా చూడండి. రోజుకు ఒక వైనరీ చాలు. పక్కపక్కనే ఉంటే రెండు. మూడోది పెట్టుకుంటే మొదటిది గుర్తుండదు.

మొదట: వెంట ఎవరొస్తున్నారు?

నలుగురు స్నేహితులు వెళ్ళడం వేరు, అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్ళడం వేరు. మన ఇళ్ళల్లో మద్యం మాట ఎత్తితేనే ముఖం తిప్పుకునే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళకు అసలు సంగతి చెప్పకుండా "తోట చూసొద్దాం రండి" అని కారెక్కించడం మర్యాద కాదు. ఎక్కడికి వెళ్తున్నామో ముందే చెప్పండి. వైనరీకి రానన్నవాళ్ళకు ఆ చుట్టుపక్కల చూడదగ్గవి చాలా ఉన్నాయి. నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయం ఉంది, మూలం తొమ్మిదో శతాబ్దానిది. అక్కడి రాతి పని, కోనేరు చూస్తూ రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయి. దగ్గర్లోనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు. ఆయన పూర్వీకులు మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఆ ఊళ్ళో ఆయన జ్ఞాపకాలను భద్రపరిచారు. పెద్దవాళ్ళతో ఇంట్లో ఒకరు అటు వెళ్ళి, మిగతావాళ్ళు వైనరీకి వెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పిల్లలు వస్తుంటే, చుట్టూ ఖాళీ జాగా, చెట్లు, భోజనశాల ఉన్న చోటు చూసుకోండి. రుచి చూసేది పెద్దవాళ్ళే. 21 ఏళ్ళు నిండినవాళ్ళకే పోస్తారని అనుకునే వెళ్ళండి, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మీ సంగతి. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి, తీగను ఎలా పెంచుతున్నారో చూడాలనుకుంటే తోట లోపలికి తీసుకెళ్ళే వైనరీ కావాలి. వైన్ గురించి నేర్చుకోవాలనుకుంటే, ఎక్కువ రకాలు వరుసగా రుచి చూపించి ఓపికగా వివరించే మనిషి ఉన్న చోటు కావాలి. పెళ్ళిరోజు వచ్చింది, ఒక పూట హాయిగా కూర్చుని భోంచేయాలి అనుకుంటే, మంచి రెస్టారెంటు ఉంటే సరిపోతుంది, వైన్ నిల్వ ఉంచే పీపాల గది ఎంత పెద్దదన్నది అనవసరం. ఒక్క వైనరీ ఈ మూడూ బాగా చేయడం అరుదు. ఏది ముఖ్యమో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి.

తర్వాత: ఏ వైపు?

మనకు అన్నిటికంటే దగ్గర నంది లోయ. దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మధ్య ప్రాంతం. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఎర్రనేల, పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లబడే గాలి. ద్రాక్షలో పులుపు నిలబడాలంటే ఆ రాత్రి చల్లదనం కావాలి. మన చిత్తూరు ఎండకు తీపి వస్తుంది, ఆ పులుపు నిలవడం కష్టం.

ఇక్కడ మొదట చూడాల్సింది గ్రోవర్ జాంపా. కన్వల్ గ్రోవర్ 1988లో దొడ్డబళ్ళాపురం దగ్గర ఫ్రెంచి ద్రాక్ష రకాలు పెట్టి మొదలుపెట్టారు. 1992లో మొదటి వైన్ బయటికొచ్చింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారుగా చేరారు. 2012లో నాసిక్ కంపెనీతో కలిసి ఇప్పటి పేరు వచ్చింది. కాబర్నే సోవినియోన్, షిరాజ్ అనే రెండు ద్రాక్ష రకాలు కలిపి చేసే 'లా రిజర్వ్' వీళ్ళకు పేరు తెచ్చిన ఎర్ర వైన్. పద్ధతిగా టూర్ నడుపుతారు కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇదే సరైన మొదలు అని నా అభిప్రాయం.

నంది లోయలో చిన్న వైనరీలు కూడా ఉన్నాయి. 2007లో కర్ణాటక ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్, వైన్ విధానం తెచ్చాక ఈ రంగానికి ఊతం దొరికింది. చిన్నచోట్ల అన్నీ సందర్శకుల కోసం తెరిచి ఉండవు. ముందే ఫోన్ చేస్తే రమ్మనేవి కొన్ని, ఎవరినీ లోపలికి రానివ్వనివి కొన్ని. కానీ రమ్మన్న చోట మాత్రం వైన్ చేసే మనిషే స్వయంగా వచ్చి మాట్లాడే అవకాశం ఎక్కువ. అందుకే ఒక పెద్దది, ఒక చిన్నది అన్న జత నాకు నచ్చుతుంది.

బెంగళూరు దాటి మైసూరు రోడ్డులో చన్నపట్న దగ్గర డొమైన్ సులా ఉంది. నంది లోయతో కలిపి ఒకే రోజు పెట్టుకోకండి. మధ్యలో బెంగళూరు ట్రాఫిక్ దాటడానికే పూట అయిపోతుంది. మైసూరు వెళ్ళే పని ఉన్నప్పుడు దారిలో చూసుకుంటే హాయి. పిల్లలకు చన్నపట్న కొయ్యబొమ్మలు అదనపు లాభం.

హంపి వైపు కొప్పళ జిల్లాలో క్రస్మా ఎస్టేట్స్ ఉంది. హైదరాబాద్ గ్రాన్యూల్స్ ఇండియా కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. తెలుగువాళ్ళు పెట్టిన తోటలో వచ్చిన కాబర్నే గురించి వైన్ తెలిసినవాళ్ళు గౌరవంగా మాట్లాడతారు. మనకు దూరం. హంపి యాత్ర పెట్టుకున్నప్పుడు, ముందుగా అనుమతి అడిగి వెళ్ళాల్సిన చోటు.

ఇక నాసిక్. దేశంలో వైనరీలు ఎక్కువగా ఉన్నది అక్కడే. మన తిరుపతి నుంచి షిర్డీకి నేరుగా వారం వారం రైలు ఉంది, షిర్డీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు. షిర్డీ దర్శనం, త్ర్యంబకేశ్వరం చూసుకుని ఇంకో రోజు మిగుల్చుకోగలిగితే వైనరీలు చూడొచ్చు. దర్శనం రోజు, వైన్ రోజు ఒకటి కాకుండా చూసుకోండి. నాసిక్‌లో ఎంపిక దిక్కును బట్టి చేయాలి. గంగాపూర్ డ్యామ్ వైపు సులా, యార్క్, సోమా ఉన్నాయి. దిండోరి వైపు షాండన్, అది మెరిసే వైన్‌కు, అంటే బుడగలు వచ్చే వైన్‌కు ప్రత్యేకం. ఇగత్‌పురి వైపు వాలోనే, గ్రోవర్ జాంపా వాళ్ళ నాసిక్ తోట. రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి. ఇంకో సంగతి, యార్క్‌ను 2021లో సులా కొనేసింది. సులాతో పాటు ఇంకో చోటు చూడాలంటే వేరే యాజమాన్యం ఉన్నది ఎంచుకోండి, తేడా బాగా తెలుస్తుంది.

ఏ నెలలో?

ఎంపికలో సగం పని ఇక్కడే ఉంది.

మన జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చూడాలనుకునేవాళ్ళను డిసెంబరులో తీసుకెళ్తే ఏం చూస్తారు? ఖాళీ షెడ్డు, కడిగి బోర్లించిన ట్రేలు. జూన్, జూలైలో తోతాపురి లారీలు వరుసకట్టినప్పుడు చూడాలి. వైనరీ కూడా అంతే.

చలి దేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దక్షిణాదిలో ఆ చలి లేదు, తీగ నిద్రపోదు. అందుకే ఇక్కడి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి తీగను దారిలో పెడతారు. వేసవిలో, ఏప్రిల్ ప్రాంతంలో చేసేది కొమ్మ బలం కోసం. సెప్టెంబరు, అక్టోబరులో చేసేది కాయ కోసం. ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన కాయ చలికాలమంతా నెమ్మదిగా పండుతుంది. జనవరి చివర మొదలై మార్చి దాకా, కొన్ని రకాలు ఏప్రిల్ మొదట్లో కోతకు వస్తాయి. తెల్ల వైన్‌కు వాడే రకాలు ముందు, కాబర్నే లాంటి ఎర్ర రకాలు తర్వాత.

కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. గుత్తులు తీగ మీద ఉంటాయి, క్రేట్లు వస్తుంటాయి, ట్యాంకుల్లో రసం పులుస్తుంటుంది, గది అంతా ఆ వాసన నిండి ఉంటుంది. రసంలో చక్కెర కొలిచే పరికరం చూపించమని అడగండి. ఆ చక్కెర కొలతే బ్రిక్స్, ఆ మాట గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలిన రైతులందరికీ తెలిసిందే. వైన్ ద్రాక్షను సాధారణంగా 22 నుంచి 24 బ్రిక్స్ మధ్య కోస్తారు. అందులోని చక్కెరే తర్వాత ఆల్కహాల్ అవుతుంది.

జూలై, ఆగస్టుల్లో వెళ్తే తోటలో పచ్చదనం తప్ప కాయ ఉండదు. అయినా ఒక లాభం ఉంది. జనం తక్కువ, టూర్ చేయించేవాళ్ళకు తీరిక ఎక్కువ. రుచి చూడటమే ముఖ్యమనుకునేవాళ్ళకు ఆ నెలలు మంచివే. అక్టోబరు, నవంబరులో తుఫాను వానలు మన వైపు నుంచే అటు వెళ్తాయి, ఆ రోజుల్లో తోట లోపలికి నడవడం కుదరకపోవచ్చు.

వారం మధ్యలో వెళ్ళండి. శని, ఆదివారాల్లో నంది హిల్స్ మీద సూర్యోదయం చూడ్డానికి వచ్చే బళ్ళు తెల్లవారుజాము నుంచే కిందిదాకా ఆగిపోతాయి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో మద్యం పోయరు. ఎన్నికల పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలూ అంతే. కర్ణాటకలో ఎన్నికలు ఎప్పుడన్నది మనకు అంతగా గుర్తుండదు కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు చూసుకోండి.

ఫోన్ చేసి అడగండి

వెబ్‌సైట్‌లో ఫోటోలు అన్నిటికీ బాగానే ఉంటాయి. ఏ వైనరీ మీకు సరిపోతుందో పది నిమిషాల ఫోన్‌లో తేలిపోతుంది. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, మొహమాటపడకుండా తెలుగులోనే మొదలుపెట్టండి. "నమస్కారం అండీ, చిత్తూరు నుంచి మాట్లాడుతున్నా. వచ్చే బుధవారం నలుగురం రావాలనుకుంటున్నాం. తోటలోకి తీసుకెళ్తారా, లోపల ట్యాంకుల గది వరకేనా?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే చాలా తెలుస్తుంది. "తీసుకెళ్తాం సార్, కాకపోతే ఉదయమే రండి, పదకొండు తర్వాత ఎండ" అంటే అక్కడ తోటను పట్టించుకునే మనిషి ఉన్నట్టు. "ఫోటో పాయింట్ ఉంది సార్" అంటే అది వేరే రకం చోటు.

ఆ తర్వాత అడగాల్సినవి: ఇప్పుడు ఏ రకం కోస్తున్నారు, ద్రాక్ష ఎక్కువ భాగం సొంత తోటదా, రైతుల దగ్గర కొంటారా? కొనడంలో తప్పేమీ లేదు, చాలా మంచి వైనరీలు రైతులతో ఒప్పందం మీద నడుస్తాయి. కానీ మీరు తోట చూడటానికే వెళ్తుంటే, గేటు లోపల కంటికి కనిపించే తీగలు అలంకారానికి పెట్టినవా, వాటితో నిజంగానే వైన్ చేస్తున్నారా అన్నది తెలియాలి.

డబ్బు సంగతి తెగేసి అడగండి. టికెట్‌లో ఎన్ని రకాలు రుచి చూపిస్తారు, ఒక్కోటి ఎంత పోస్తారు, తినడానికి ఏమైనా ఇస్తారా, పన్ను కలిపి చెబుతున్నారా, వారాంతంలో రేటు మారుతుందా? మందు తాగని మనిషికి టూర్ టికెట్ వేరుగా ఉందా అని కూడా అడగండి. బండి నడిపేవాళ్ళకు, ఇంట్లో తాగనివాళ్ళకు పూర్తి టికెట్ కట్టడం అనవసరం.

ఒక బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకెళ్తారో కనుక్కోండి. పన్నెండు మంది వరకు అయితే గైడు మాట వినిపిస్తుంది. నలభై మంది అయితే వెనక ఉన్నవాళ్ళకు ట్యాంకు చప్పుడే. ఇంత ఓపికగా అడిగితే విసుక్కుంటారేమోనని అనుకోకండి. విసుక్కునే చోటును లిస్టులోంచి తీసేయండి, మిగిలింది ఎంచుకోవడం తేలిక.

తోటలో ఏం చూడాలి

దేవనహళ్ళి దాటగానే రోడ్డు పక్కన ద్రాక్ష పందిళ్ళు కనిపిస్తాయి. అవన్నీ వైన్ తోటలే అనుకోకండి. చాలావరకు బెంగళూరు బ్లూ, దిల్‌ఖుష్ లాంటి రకాలు, తినడానికి, రసానికి పెంచేవి. బెంగళూరు బ్లూకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దిల్‌ఖుష్ మన హైదరాబాద్ వైపు పేరుగాంచిన అనాబ్-ఎ-షాహీ నుంచి వచ్చిన రకమే. వైన్ రకాలను సాధారణంగా తలమీది పందిరికి ఎక్కించరు, ఇనుప తీగలు కట్టి నిలువు వరుసలుగా పెంచుతారు. కాయ చిన్నది, తొక్క మందం, గింజ ఉంటుంది. ఒకటి కోసి నోట్లో వేసుకోవచ్చా అని గైడును అడిగి వేసుకోండి. తొక్కను నమిలితే నాలుక పక్కలు పట్టేసే వగరు తెలుస్తుంది. ఎర్ర వైన్‌లో మీకు తర్వాత తగిలే వగరు అదే. ఎర్ర వైన్‌ను తొక్కతో సహా పులియబెడతారు, అందుకే ఆ రంగు, ఆ వగరు. తెల్ల వైన్‌కు ముందే పిండేసి రసాన్ని మాత్రమే చల్లటి ట్యాంకుల్లో పులియబెడతారు. ఈ ఒక్క తేడా తోటలోనే అర్థమైతే లోపలి టూర్ అంతా సులువుగా ఎక్కుతుంది.

కోత సమయంలో పనిచేసేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపిస్తే పలకరించండి. "అక్కా, ఈ గుత్తి ఎందుకు పక్కన పెట్టేశారు?" అని అడిగితే, ఎండ తగిలిన కాయ, బూజు పట్టిన కాయ ఎలా ఏరేస్తారో చేత్తో చూపిస్తారు. గైడు చెప్పే కథలో ఇది ఉండదు. అందుకే తోటలోకి తీసుకెళ్ళే వైనరీకే నా ఓటు. మనం వ్యవసాయం ఎరిగిన జిల్లావాళ్ళం. డ్రిప్పు లైను, నేల తీరు, కొమ్మ వదిలిన పద్ధతి చూసి అడిగే ప్రశ్నలు మనకు సహజంగా వస్తాయి. అడగండి.

రెండు చూడాలనుకుంటే వరుస

తోట ఉన్నది ఉదయం, భోజనం ఉన్నది మధ్యాహ్నం. ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా మొదటి చోట ఉండాలంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి దేవనహళ్ళి లేదా చిక్కబళ్ళాపురంలో పడుకోవడం మేలు. చిత్తూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరినా కుదురుతుంది. అప్పుడు ములబాగల్‌లో దోసె తినండి. ఆ ఊరి దోసె మందంగా, మెత్తగా, కారప్పొడి పూసి ఉంటుంది, దానికోసం ఆగడం దండగ కాదు. ఖాళీ కడుపుతో రుచి చూడటానికి కూర్చోకూడదు కూడా.

రెండు చోట్లా ఒకే రకం వైన్ రుచి చూడమని నా సలహా. ఒక చోట షిరాజ్ తాగితే రెండో చోటా షిరాజ్ అడగండి. నేల, ఎత్తు, పీపా, చేసే మనిషి మారితే ఏం మారుతుందో అప్పుడు నాలుకకు తెలుస్తుంది.

రోడ్డు, బండి, డ్రైవరు

రుచి చూసేవాళ్ళు బండి నడపకూడదు. ఇందులో సర్దుబాటు లేదు. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోసినా, ఐదు రకాలకు 150 అవుతుంది, అంటే నిండు గ్లాసు. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అటుంచండి, కోలారు హైవే మీద లారీల మధ్య నాలుగు గంటలు నడపాలి.

చిత్తూరు, తిరుపతిలో ట్యాక్సీ మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు బత్తా, కర్ణాటక పర్మిట్, టోల్ ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. డ్రైవరుకు భోజనం ఎక్కడ దొరుకుతుందో కూడా చూడండి. వైనరీలు ఊరికి దూరంగా ఉంటాయి, ఆయన మనకోసం మూడు గంటలు ఎండలో కూర్చుంటాడు. ఎక్కువమంది ఉంటే టెంపో ట్రావెలర్ మేలు. ఇద్దరే అయితే బస్సులోనో రైల్లోనో బెంగళూరు వెళ్ళి, అక్కడి నుంచి రోజంతా క్యాబ్ మాట్లాడుకోవచ్చు.

తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె, చింతామణి మీదుగా కూడా దారి ఉంది, చిక్కబళ్ళాపురం వైపు తేలుతుంది. పగలు బాగుంటుంది. రాత్రి తిరుగు ప్రయాణంలో భాకరాపేట ఘాట్ పడేలా పెట్టుకోకండి. మలుపులు ఎక్కువ, ప్రమాదాలు జరిగిన దారి.

రుచి చూసే బల్ల దగ్గర

ఆ ఉదయం ఘాటైన సెంటు పూసుకోకండి, మీకే కాదు, పక్కవాళ్ళకూ వైన్ వాసన తెలియదు. వక్కపొడి, పాన్, సిగరెట్టు ముందే ఆపేయండి. మెరిసే వైన్, తెల్లది, రోజే (గులాబీ రంగు వైన్), ఎర్రది, చివరికి తీపిది, ఇదీ మామూలు వరుస. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె పట్టుకుంటే చేతి వేడికి వైన్ మారిపోతుంది. మధ్యలో నీళ్ళు తాగుతూ ఉండండి. నచ్చనిది ఉమ్మేయడానికి గిన్నె పెడతారు. అందులో ఉమ్మడం, మిగిలింది పారబోయడం అక్కడ మామూలే, సిగ్గుపడక్కర్లేదు. నాలుగైదు రకాలు శ్రద్ధగా చూడాలనుకునేవాళ్ళకు అదే సరైన పద్ధతి కూడా.

ఖరీదైనదే బాగుందని తల ఊపకండి. వగరు నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, అప్పుడే ఎదుటి మనిషి మీకు సరిపోయేది తీస్తాడు. మన కారానికి ఏది కుదురుతుందని తప్పకుండా అడగండి. వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ పక్కన మిరపకారం ఇంకా మండుతుంది. రాగిసంగటి, నాటుకోడి పులుసు లాంటి భోజనానికి కాస్త తీపి మిగిలిన చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, లేకపోతే చల్లటి రోజే మేలని నా అనుభవం. మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, అసలు ఇష్టం లేనివాళ్ళు ఉంటే ఒక్క గుక్క అని బలవంతం చేయకండి.

సీసా కొనే ముందు

నచ్చిన వైన్ ఇంటికి తెచ్చుకోవాలనిపించడం సహజం. కానీ కర్ణాటకలో కొన్న మద్యాన్ని పర్మిట్ లేకుండా ఆంధ్రప్రదేశ్‌లోకి తేవడం నేరం. మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఉన్నారు. 2020లో హైకోర్టు తీర్పు తర్వాత కొన్నాళ్ళు నడిచిన మాట అది. అదే ఏడాది ప్రభుత్వం నిబంధన మార్చేసింది. సరిహద్దు దగ్గర తనిఖీలో పట్టుబడితే సీసాతో పాటు బండి కూడా ఇరుక్కుంటుంది. ట్యాక్సీ అయితే ఆ డ్రైవరు బతుకుతెరువు పోతుంది. కొన్న సీసాను అక్కడే, బెంగళూరులో బంధువుల ఇంట్లోనో, బస చేసిన చోటో పూర్తి చేయండి. లేకపోతే పేరు రాసుకుని వచ్చి, ఇక్కడ ప్రభుత్వ అనుమతి ఉన్న దుకాణంలో దొరికితే కొనండి.

తిరుపతివాళ్ళకు ఇంకో మాట. ఈ ప్రయాణాన్ని కొండ దర్శనంతో ముడిపెట్టకండి. తిరుమలలో మద్యం నిషేధం, అలిపిరి దగ్గర ప్రతి బండీ తనిఖీ చేస్తారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు "దర్శనం అయ్యాక అటునుంచి అటే బెంగళూరు" అంటారు, అందులో ఇబ్బంది లేదు. వైనరీ చూసుకుని, డిక్కీలో సీసాలతో కొండకు బయలుదేరడమే పెద్ద తలనొప్పి. దర్శనం టికెట్ తేదీ ముందు ఖాయం చేసుకుని, వైనరీ తేదీని దాని తర్వాతే పెట్టండి.

అన్నీ కుదిరాక, బయలుదేరే ముందు రోజు సాయంత్రం వైనరీకి ఇంకోసారి ఫోన్ చేయండి. రాత్రి వాన పడినా, కూలీలు రాకపోయినా కోత వాయిదా పడుతుంది. తోట చూపించడం కుదరదంటే తేదీ మార్చుకుంటామని అడగండి. కట్టిన డబ్బు ఇంకో రోజుకు మార్చే వీలుందా అన్నది బుక్ చేసేటప్పుడే కనుక్కుని ఉంటే ఆ ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోతుంది.